అగ్నిప్రమాదానికి కారణం ఎలా తేలుస్తారు? ఇల్లు కడిగే ముందు తెలుసుకోవలసినవి

ఆ మధ్య మా సంఘం సభ్యుల ఇంట్లో వంటగది కాలిపోయింది. ఇంటివాళ్లు చూడలేకపోతున్నారని మర్నాడు మేమే వెళ్లి మసి కడిగించి, కాలిన సామాను పారవేయించాం. బీమా సర్వేయరు వచ్చేసరికి చూపడానికి ఏమీ మిగలలేదు. గ్యాసా, కరెంటా అన్నది తేలక క్లెయిము ఆగిపోయింది. మేలు చేయబోయి కీడు చేశాం. అందుకే ఈ వివరాలు.

మంట మొదలైన చోటు

కారణం కంటే ముందు చోటు తేల్చాలి. మంట పైకి లేస్తూ పక్కలకు విచ్చుకుంటుంది కనుక గోడ మీద ‘వి’ ఆకారంలో మచ్చ పడుతుంది. దాని కింది కొస దగ్గరే తరచు మూలం ఉంటుంది. గది మొత్తం ఒక్కసారిగా అంటుకుంటే మాత్రం ఈ గుర్తును నమ్మలేం.

కరెంటు

షార్ట్ సర్క్యూట్ అయినచోట రాగి తీగ కొసన చిన్న పూస కట్టి ఉంటుంది. అది కనబడగానే కారణం దొరికిందనుకోకూడదు. మంటకు పైతొడుగు కాలి తీగలు కలిసినా అలాంటి పూసే వస్తుంది.

కిరోసిన్, పెట్రోలు

ఇవి నేల పగుళ్లలో, పరుపుల అడుగున కొంత నిలుస్తాయి. ఆ ముక్కలను గాలి చొరని డబ్బాలో ప్రయోగశాలకు పంపుతారు. మామూలు ప్లాస్టిక్ సంచిలో పెడితే ఆవిరి తప్పించుకుపోతుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షలో అది ఏ రకం ఇంధనమో తెలుస్తుంది.

పేలుడు

దూరంగా ఎగిరిపడిన గాజు పెంకులకు మసి లేకపోతే పేలుడు ముందు, మంట తరువాత అని సూచన. పేలుడు పదార్థమైతే ఒకచోట గుంత పడవచ్చు. గ్యాసు గదంతా పరుచుకుని పేలుతుంది కనుక సాధారణంగా గుంత ఉండదు. వంటగ్యాసు గాలికంటే బరువు, నేలమట్టాన పాకి దూరాన ఉన్న దీపానికీ అంటుకోగలదు. యానాం వారు మరచిపోలేని కోనసీమ నగరం గ్రామం దుర్ఘటన (2014 జూన్ 27) పైపులైను నుంచి లీకైన గ్యాసు అంటుకోవడం వల్ల జరిగింది. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

మనం చేయవలసినవి

1. ఫైరు సిబ్బంది, పోలీసులు, సర్వేయరు చూసేదాకా ఏదీ కడగకండి, కదపకండి. ఫోటోలు తీసి ఉంచండి.

2. సిలిండరు, రెగ్యులేటరు, రబ్బరు గొట్టం పారేయకండి. గ్యాసు డీలరుకు వెంటనే రాతపూర్వకంగా తెలపండి.

3. ఫైరు రిపోర్టుకు దరఖాస్తు పెట్టండి. ఎఫ్‌ఐఆర్ నమోదైతే ఫిర్యాదుదారుకు నకలు ఉచితంగా ఇవ్వాలి.

4. కర్ణాటక, తమిళనాడులో మహజరు, మహారాష్ట్రలో పంచనామా అనే కాగితం స్థానిక భాషలో రాస్తారు. మన పెద్దలలో కొందరికి ఆ లిపి రాదు. చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 176(3) ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలి. ఇది ఏ తేదీ నుంచి తప్పనిసరి అన్నది ఆయా రాష్ట్రాలు ప్రకటిస్తాయి.

ఎవరింట ఆపద వచ్చినా సాయానికి తప్పక వెళ్దాం. చీపురు మాత్రం సర్వేయరు వెళ్లాకే పట్టుకుందాం.