వాల్వులో పుట్టి మెదడుకు చేరి

కొండవీడు అనగానే రెడ్డిరాజులు, శ్రీనాథుడు, 1515లో కృష్ణదేవరాయలు కోట పట్టడం. చరిత్రంటే మాకు బడిలో చెప్పింది అంతే. ఆ కొండ కింది పల్లెల్లో శాసనాలకెక్కని చరిత్ర ఇంకోటుంది. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆపైన కీళ్ళవాపు జ్వరం, పాతికేళ్ళకు ఆయాసం. గుంటూరు వెళ్తే గుండెలో వాల్వు చెడిందనేవారు. మా వీధిలో అలాంటి ఒకాయనకు నెలరోజులు జ్వరం వదల్లేదు. ఒక పొద్దున లేచేసరికి కుడిచెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. జ్వరానికి ఒకరి సూది, పక్షవాతానికి ఇంకొకరి పసరు. రెండూ ఒకే జబ్బని ఎవరికీ తట్టలేదు.

వైద్యులకు తట్టడానికే చాలాకాలం పట్టింది. 1852లో లండన్ వైద్యుడు విలియం సెన్‌హౌస్ కర్క్స్ పక్షవాతంతో పోయినవాళ్ళ శవాలు కోసి చూశాడు. మెదడు ధమనిలో ఏ గడ్డ అడ్డుపడిందో, గుండె వాల్వు మీదా అలాంటిదే ఉంది. అక్కడ విరిగి ఇక్కడికొచ్చిందన్నాడు. సాగర్ కాలవలో పైనెక్కడో విరిగిన కంప కొట్టుకొచ్చి మన పొలం తూముకు అడ్డం పడినట్టన్నమాట.

చెడిన వాల్వు మీద క్రిములు గూడు కట్టుకుంటాయన్నది తర్వాతి మాట. 1885లో విలియం ఆస్లర్ తన ఉపన్యాసాల్లో ఈ జబ్బునంతా ఒకచోటికి తెచ్చాడు. క్రిములు తొలిచి ఉబ్బిన రక్తనాళానికి ‘మైకాటిక్ అన్యూరిజమ్’ అని పేరు పెట్టిందీ ఆయనే. వింటే బూజు వల్ల వచ్చిందనిపిస్తుంది, చాలావరకు కారణం బాక్టీరియా. పొరపాటని తెలిసీ ఆ పేరే వాడుతున్నారు. ఈ విషయంలో వైద్యులు మన రెవెన్యూ రికార్డులకు తీసిపోరు.

పెన్సిలిన్ వచ్చేదాకా ఈ జబ్బు సోకితే దాదాపు చావే. 1944లో బ్రూక్లిన్‌లో లియో లోవీ ఏడుగురిని బతికించినట్టు ప్రకటించాడు. పెన్సిలిన్‌తోపాటు రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కూడా ఇచ్చాడు. గడ్డ పెరగకపోతే మందు క్రిమిదాకా వెళ్తుందని లెక్క. వినడానికి సబబే. కానీ హెపారిన్ ఇచ్చిన రోగుల్లో కొందరికి మెదడులో రక్తస్రావమైంది. క్రిములున్న గడ్డ నాళాన్ని మూయడంతో ఆగదు, గోడను తినేస్తుంది. చివరికి పెన్సిలిన్ నిలిచింది, హెపారిన్ పోయింది.

ఈ పాత గొడవ ఇవాళ్టికీ అక్కరకొస్తుంది. పక్షవాతం వచ్చిన నాలుగున్నర గంటల్లోపు ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎందరికో వరం, ఈ రోగికి మాత్రం ప్రాణగండం. అందుకే వయసులో ఉన్న మనిషికి చెయ్యి పడిపోతే, అంతకుముందు జ్వరముందా అని అడగాలి. గుండెకు ఎకో తీయాలి, యాంటీబయాటిక్ పడకముందే రక్తం కల్చరుకు పంపాలి. మా పల్లెల్లో జ్వరమొచ్చిన మూడోరోజుకే సూది పడిపోతుంది. ఆ తర్వాత రక్తం పంపినా చాలాసార్లు ల్యాబులో ఏమీ పెరగదు.