బొడ్డపాడు స్తూపం, కటక్ కలశం

పోయినవారి బట్టలు ఇంట్లో ఉంచుకోవడం మన వైపు ఆనవాయితీ కాదు. పక్కబట్టలు చాకలికి పోతాయి, చితిలో ఏరిన అస్థికలు నీళ్లలో కలుస్తాయి, పటం ఒక్కటే గోడకెక్కుతుంది. 1865లో లింకన్ హత్యకు గురైనప్పుడు ఆయన తల వెంట్రుకలు కత్తిరించి దాచుకున్నారంటే మనకు వింతగానే తోస్తుంది.

గాంధీ విషయంలో రెండు పద్ధతులూ నడిచాయి. 1948 జనవరి 30నాటి నెత్తుటి బట్టలు ఢిల్లీలోని జాతీయ గాంధీ మ్యూజియానికి చేరాయి. చితాభస్మాన్ని మాత్రం పంచింది దాచడానికి కాదు, కలపడానికే. హైదరాబాదులో మూసీ, ఈసీ కలిసేచోట అలా కలిపారు; నేటి బాపూఘాట్ అదే. అయితే కటక్‌లో ఒక కలశం బ్యాంకు లాకరులో నలభై ఏళ్లకు పైగా ఉండిపోయింది. మునిమనుమడు తుషార్ గాంధీ కోర్టుకెక్కాక, 1997 జనవరి 30న అలహాబాదు సంగమంలో కలిసింది.

నక్సలైట్ ఉద్యమం నడిచిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కథ వేరు. దాచాలన్నా, కలపాలన్నా ముందు శవం బంధువుల చేతికి రావాలి. ఎన్‌కౌంటర్‌లో పోయినవారి దేహం మొదట పోలీసులకే దక్కుతుంది. జేబులో దొరికినవి కేసు సామగ్రి అవుతాయి. 2002లో ఏర్పడిన అమరుల బంధుమిత్రుల సంఘం శవాలను ఇళ్లకు చేర్చడాన్నే ప్రధానమైన పనిగా పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

వస్తువు దక్కనిచోట రాయి నిలబడింది. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో పోలీసు కాల్పులకు బలైన సాసుమాన గున్నమ్మకు గుడారి రాజమణిపురంలో స్తూపం ఉంది. పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ ముగిసి అప్పటికి వారం కూడా కాలేదు. బొడ్డపాడులో ఉన్నది నక్సల్బరీ తరం స్తూపం. ఆ ఊరి పంచాది కృష్ణమూర్తి, మరో ఆరుగురు 1969 మే 27న జలంత్రకోట దగ్గర చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకుని కాల్చారని ఉద్యమకారులు అన్నారు. హత్య అనే మాట ఎవరి నోట వస్తుందన్నది ఈ ప్రాంత చరిత్రలో చిన్న సంగతి కాదు.

బొడ్డపాడులోనే పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమానికి మలిచాడు. ఇంటి భాష ఒడియా, పాట తెలుగు. ఆయన గుర్తుగా మిగిలినవి ఆ పాటలే. కాగితమైతే సోదాలో దొరికేది. నోటికి వచ్చిన పాటను జప్తు చేయడం ఏ ఠాణా వల్లా కాలేదు.

కృష్ణమూర్తి భార్య నిర్మల భర్త పోయాక దళంలో చేరింది. ఆ డిసెంబరులోనే రంగమటియా కొండల్లో పాణిగ్రాహితో పాటు మరణించింది. భర్త గుర్తుగా ఆమె ఏం దాచుకున్నా, దాచుకున్నది ఏడు నెలలైనా కాదు.