డబ్బాని అమ్మేది ఆట: స్పేస్ ఇన్వేడర్స్ నుంచి పబ్‌జీ దాకా మొదటి నిమిషం కథ

ఈరోజు మనం వీడియో గేమ్స్ చరిత్ర గురించి మాట్లాడుకుందాం. ఏ గేమ్ గ్రాఫిక్స్ బాగున్నాయి, ఎవరు ప్రో ప్లేయర్ అనే గొడవ జోలికి వెళ్ళడం లేదు. నా ప్రశ్న వేరే. జీవితంలో ఒక్కసారి కూడా కంట్రోలర్ పట్టుకోని మనిషి చేత, టీవీ పక్కన పెట్టుకునే ఒక ఖరీదైన డబ్బాని కొనిపించింది ఏంటి?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. డబ్బాలో ఉన్న చిప్ కాదు. ఒక్క ఆట. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ ఆటలో మొదటి నిమిషం.

ముందు వ్యాపారం లెక్క చూద్దాం. ప్రింటర్ చవగ్గా ఇచ్చి, ఇంకు మీద సంపాదించే కంపెనీలు మీకు తెలుసు కదా? కన్సోల్ వ్యాపారం కూడా దాదాపు అంతే. 2006లో ప్లేస్టేషన్ 3 అమెరికాలో 499, 599 డాలర్లకి వచ్చింది. అంత రేటు పెట్టినా సోనీకి ఒక్కో డబ్బా మీద నష్టమే. మరి లాభం ఎక్కడ? ఆ తర్వాత మీరు కొనే గేముల్లో. వేరే కంపెనీ తయారు చేసిన గేమ్ అమ్ముడైనా అందులో కన్సోల్ కంపెనీకి వాటా వెళ్తుంది. అంటే కొత్తగా ఒక మనిషి లోపలికి వచ్చాడంటే కొన్నేళ్ళ ఆదాయం వచ్చినట్టే. అందుకే కొత్తవాళ్ళ కోసం కంపెనీలు అంత తాపత్రయపడతాయి.

ఇప్పుడు 1978కి వెళ్దాం. జపాన్‌లో తైతో అనే కంపెనీలో తొమోహిరో నిషికాడో అనే ఇంజనీర్ స్పేస్ ఇన్వేడర్స్ చేశాడు. పైనుంచి గ్రహాంతరవాసులు వరసలుగా దిగుతుంటారు, మీరు కింద నుంచి కాలుస్తారు. అంతే. ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళని చంపేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. తమాషా ఏంటంటే, ఇది మొదట ప్లాన్ చేసింది కాదు. తెరమీద బొమ్మలు తగ్గేసరికి మెషిన్‌కి పని తగ్గి, మిగిలినవి వేగంగా కదిలాయి. నిషికాడో దాన్ని అలాగే ఉంచేశాడు. గుండె దడ పెంచేది అదే.

అయితే ఇది ఆర్కేడ్ గేమ్. నాణెం వేస్తేనే ఆట. చచ్చిపోతే ఇంకో నాణెం. 1980లో అటారీ కంపెనీ దీని హక్కులు కొని, ఇంట్లో ఆడుకునే అటారీ 2600 కన్సోల్‌కి తెచ్చింది. ఆ కన్సోల్ అప్పటికే మూడేళ్ళ పాతది. ఈ ఒక్క గేమ్‌తో దాని అమ్మకాలు కొన్ని రెట్లు పెరిగాయి. ఎందుకు? అందరికీ తెలిసిన ఆటని ఇంట్లో నాణెం వేయకుండా ఎంతసేపైనా ఆడుకోవచ్చు కాబట్టి. ఈ నాణెం సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

మొదటి నిమిషం బాగుంటే డబ్బా అమ్ముడవుతుంది. మరి బాగోకపోతే? 1982 క్రిస్మస్‌కి అదే అటారీ, స్పీల్‌బర్గ్ సినిమా ఈ.టీ. పేరుతో ఒక గేమ్ వదిలింది. సినిమా సూపర్ హిట్. గేమ్ చేయడానికి మాత్రం హోవార్డ్ స్కాట్ వార్షాకి దొరికింది సుమారు అయిదు వారాలు. పిల్లలు ఆశగా ఆన్ చేశారు. ఈ.టీ. వెళ్ళి గోతిలో పడ్డాడు. ఎలాగోలా పైకి వచ్చి, మళ్ళీ గోతిలో పడ్డాడు. ఎందుకు పడుతున్నాడో, ఏం చేయాలో అర్థం కాలేదు. అమ్ముడుపోని సరుకుని 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో భూమిలో పూడ్చారు. 2014లో తవ్వితే నిజంగానే ఆ క్యాట్రిడ్జ్‌లు బయటపడ్డాయి. ఈ ఒక్క గేమే పరిశ్రమని ముంచేసిందనడం అన్యాయం. ఆ రోజుల్లో ఎవరు పడితే వాళ్ళు నాసిరకం గేములు చేసి షాపుల్ని నింపేశారు. నష్టపోయిన అమెరికా షాపులవాళ్ళు వీడియో గేమ్ అన్న మాట వింటేనే దండం పెట్టే పరిస్థితి వచ్చింది.

అలాంటి టైమ్‌లో, 1985లో, నింటెండో న్యూయార్క్‌లో అడుగుపెట్టింది. తన డబ్బాకి వీడియో గేమ్ అని పేరు పెట్టలేదు, ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అంది. పక్కన ఒక బొమ్మ రోబోని కూడా పెట్టింది, షాపువాళ్ళు దీన్ని బొమ్మ అనుకోవాలని. అది తలుపు తీయించే ఉపాయం. ఇంట్లోకి వచ్చాక కూర్చోబెట్టింది మాత్రం సూపర్ మారియో బ్రదర్స్.

ఆ గేమ్ మొదటి లెవెల్ ఒక మంచి టీచర్ లాంటిది. మారియో ఎడమ వైపు నిలబడి ఉంటాడు, కుడి వైపంతా ఖాళీ. ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పక్కర్లేదు. రెండడుగులు వేస్తే గుంబా ఎదురొస్తుంది. తగిలితే చచ్చిపోతారు. కానీ ఆట మొదలై కొన్ని సెకన్లే కాబట్టి పోయింది ఏమీ లేదు. రెండోసారి దూకుతారు. పైన ప్రశ్న గుర్తున్న ఇటుకని తల తగిలితే పుట్టగొడుగు వస్తుంది. అది ముందుకు వెళ్ళి, పైపుకి కొట్టుకుని, తిరిగి మీ దగ్గరికే వస్తుంది. భయపడి తప్పించుకుందామన్నా తగిలేలా పెట్టారు. తగిలితే మారియో పెద్దవాడవుతాడు. అంటే ఇది మంచిది! ఇదంతా కావాలనే అలా చేశామని దాని సృష్టికర్త షిగెరు మియామోటో తర్వాత వివరించాడు. ఒక్క వాక్యం చదివించకుండా మొత్తం ఆట నేర్పేశారు.

నాలుగేళ్ళ తర్వాత గేమ్ బాయ్ వచ్చింది. 1989. చేతిలో పట్టే చిన్న డబ్బా, రంగులు కూడా లేని తెర. అమెరికాలో దానితోపాటు ఏ గేమ్ ఇవ్వాలి? మారియో ఉండనే ఉంది. కానీ హెంక్ రోజర్స్ అనే వ్యాపారి నింటెండోవాళ్ళకి ఒక సలహా ఇచ్చాడు: పిల్లలు మాత్రమే కొనాలంటే మారియో ఇవ్వండి, అందరూ కొనాలంటే టెట్రిస్ ఇవ్వండి అని. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ చేసిన ఆట అది. పడే ముక్కల్ని పేర్చడం, అంతే. కథ లేదు, హీరో లేడు. రైల్లో వెళ్ళే ఉద్యోగులు, గృహిణులు, ముసలివాళ్ళు అందరూ ఆడారు. మరుసటి ఏడాది సెగా కంపెనీ రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చినా గేమ్ బాయ్‌ని కొట్టలేకపోయింది. గేమ్ గేర్ ఆరు బ్యాటరీల్ని కొన్ని గంటల్లోనే తాగేసేది, అదొక కారణం. గేమ్ బాయ్, దాని కలర్ మోడల్ కలిపి 11 కోట్లకి పైగా అమ్ముడయ్యాయి.

2006లో వీ కన్సోల్‌ది కూడా ఇదే కథ. నింటెండో బటన్ల భయాన్నే తీసేసింది. జపాన్ బయట చాలా దేశాల్లో డబ్బాతోపాటు వీ స్పోర్ట్స్ ఇచ్చింది. చెయ్యి ఊపితే టెన్నిస్, చెయ్యి ఊపితే బౌలింగ్. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో తాతలు, మామ్మలు బౌలింగ్ ఆడారు. 10 కోట్లకి పైగా వీలు అమ్ముడయ్యాయి. మరి దాని తర్వాత 2012లో వచ్చిన వీ యూ? సుమారు 1.35 కోట్ల దగ్గరే ఆగిపోయింది. అది కొత్త కన్సోలా, పాతదానికి తగిలించే వస్తువా అన్నది కూడా చాలామందికి అర్థం కాలేదు. పైగా అప్పటికి చెయ్యి ఊపి ఆడిన మామూలు జనం చేతిలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చేసింది.

మన దగ్గర కూడా ఒక ప్రయత్నం జరిగింది. 2009 ప్రాంతంలో హైదరాబాద్ కంపెనీ గేమ్‌శాస్త్ర ప్లేస్టేషన్ 2 కోసం దేశీ అడ్డా అనే గేమ్ చేసింది. అందులో కబడ్డీ ఉంది, గాలిపటాలు ఉన్నాయి, గిల్లీ దండా ఉంది. అదే మన బిళ్ళంగోడు, తెలంగాణలో చిర్రగోనె. ఆలోచన సరైనదే, ఎందుకంటే రూల్స్ ముందే తెలిసిన ఆటకి మొదటి నిమిషం సులువు. కానీ ఎంత మంచి ఆటైనా ఇంట్లో లేని డబ్బుని పుట్టించలేదు. 2021లో పీఎస్5 మన దేశంలో 49,990 రూపాయలకి వచ్చింది. ఎన్ని మధ్యతరగతి ఇళ్ళు ఆట కోసం అంత పెడతాయి?

ఈ లోపు ఫోన్ వచ్చింది. ఫోన్‌ని ఎవరూ గేమ్ కోసం కొనలేదు. మాట్లాడ్డానికి, వాట్సాప్‌కి, చదువుకి కొన్నారు. 2016లో జియోతో డేటా చవకైంది, 2018లో పబ్‌జీ మొబైల్ ఫ్రీగా వచ్చింది. ఇక్కడే నేను అసలు చెప్పాలనుకున్న విషయం ఉంది. డబ్బా ముందే మన చేతిలో ఉంటే, మొదటి నిమిషం ఇంక దేన్ని అమ్ముతుంది?

పబ్‌జీలో మీ మొదటి మ్యాచ్‌లు గుర్తున్నాయా? టపటపా అందరినీ కొట్టేసి ఉంటారు. వాళ్ళలో చాలామంది మనుషులు కాదు, బాట్స్. మారియో కూడా కొత్తవాణ్ణి లాగింది, కానీ ఓడించి నేర్పింది. ఇక్కడ నేర్పకుండానే గెలిపిస్తారు. తర్వాత పాస్, స్కిన్, క్రేట్, రోజూ లాగిన్ అయితే బహుమతి. కన్సోల్ గేముల రోజుల్లో బిల్లు ముందే కట్టేసేవాళ్ళం. మీరు రాత్రి రెండింటి దాకా ఆడినా, పదింటికే పడుకున్నా కంపెనీకి పెద్ద తేడా లేదు. ఇప్పుడు బిల్లు తర్వాత వస్తుంది, కాబట్టి మీరు ఆపకూడదు.

అందుకే నాణెం గుర్తుపెట్టుకోమన్నాను. కన్సోల్ మనల్ని ఆర్కేడ్ నాణెం నుంచి విడిపించింది. ఫోన్ అదే నాణేన్ని యూపీఐ రూపంలో మళ్ళీ మన జేబులోకి తెచ్చింది. నేను గేమ్స్ మానేయమని చెప్పట్లేదు, నేనూ ఆడతాను. కొత్త గేమ్ వేసుకున్నప్పుడు మొదటి పది నిమిషాలు ఒక్కటి గమనించండి: ఇది నాకు ఆట నేర్పుతోందా, లేక నన్ను ఊరికే గెలిపిస్తోందా? ఊరికే గెలిపిస్తుంటే బిల్లు వెనకాల వస్తోందని అర్థం.

మిమ్మల్ని మొదటి నిమిషంలోనే కట్టిపడేసిన గేమ్ ఏది? ఎలా కట్టిపడేసింది? కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. మళ్ళీ కలుద్దాం.