లార్క్ ఏటి ఒడ్డున రైతుల ఊరు

మేముండే బరీ సెయింట్ ఎడ్మండ్స్ ఇంగ్లండ్ తూర్పున సఫోక్ కౌంటీలో ఉంది. క్రీ.శ. 869లో డేన్ల చేతిలో చనిపోయిన ఎడ్మండ్ రాజు పేరు మోసే ఊరు కాబట్టి, చూడవచ్చినవాళ్ళు ముందుగా ఆయన పేరిట వెలసిన మఠం శిథిలాల దగ్గరికే వెళతారు. అక్కడి నుంచి వాయవ్యంగా పది కిలోమీటర్లు పోతే లార్క్ ఏటి ఒడ్డున వెస్ట్ స్టో వస్తుంది. అక్కడ రాజూ లేడు, కోటా లేదు. క్రీ.శ. 420 ప్రాంతం నుంచి 650 దాకా, రెండు వందల ఏళ్ళకు పైగా, కొద్దిపాటి రైతు కుటుంబాలు బతికిన చిన్న పల్లె అది. మా ప్రాంతంలో ఇంతకు మించిన చరిత్ర చోటు లేదని నా నమ్మకం.

ఆ పల్లె మనకు దక్కిందంటే అది ఇసుక పుణ్యమే. బ్రెక్లాండ్ అనే ఈ ప్రాంతమంతా వానలు తక్కువ పడే, గాలికి ఎగిరే ఇసుక నేల. 1668లో ఇక్కడికి ఉత్తరాన ఉన్న సాంటన్ డౌన్‌హామ్ గ్రామాన్ని ఎగిరొచ్చిన ఇసుక ముంచెత్తింది. వెస్ట్ స్టోలోనూ 1300 ప్రాంతంలో ఇలాగే జరిగింది. పాత పల్లె మీద మధ్యయుగపు రైతులు దున్నుకుంటున్న చేలను ఇసుకమేట కప్పేసింది. ఆ తర్వాత నాగలి అంత లోతుకు దిగలేదు. కింద ఉన్న గుంజ గుంటలు, ఎముకలు, కుండ పెంకులు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి.

1849లో ఇక్కడ ఆంగ్లో-సాక్సన్ల శ్మశానం బయటపడింది. 1940లలో రోమన్ కాలపు కుండలు కాల్చే బట్టీలను తవ్విన బాసిల్ బ్రౌన్, అంతకు ముందు 1939లో సట్టన్ హూ దగ్గర రాజుగారి ఓడ సమాధిని వెలికితీసిన మనిషే. ఆ తవ్వకం మీద తీసిన 'ది డిగ్' సినిమా చూసినవాళ్ళకు ఆయన గుర్తుంటాడు. వెరా ఎవిసన్, ఆమె తర్వాత 1965 నుంచి 1972 దాకా స్టాన్లీ వెస్ట్ పల్లెను తవ్వారు. నేలలోకి గుంట తీసి కట్టిన ఇళ్ళు డెబ్భై దాకా, గుంట లేని పెద్ద ఇళ్ళు ఏడు బయటపడ్డాయి. ఇవన్నీ ఒకే కాలంలో ఉన్నవి కావు. పాతవి పడిపోతుంటే పక్కన కొత్తవి కట్టుకున్నారు. సట్టన్ హూ బంగారం బ్రిటిష్ మ్యూజియంలో మెరుస్తోంది. ఆ కాలపు మామూలు జనం ఏం తిన్నారో, ఏం నేశారో తెలుసుకోవాలంటే మాత్రం వెస్ట్ స్టోకే రావాలి.

అసలు చర్చంతా ఆ గుంట గురించే. 1920లలో సట్టన్ కోర్ట్‌నీ అనే మరో ఊళ్ళో ఇలాంటి గుంటలు తవ్విన ఇ.టి. లీడ్స్, ఆ జనం గుంట అడుగునే, చెత్తాచెదారం మధ్య కాపురముండేవారని రాశారు. వెస్ట్ స్టోలో కాలిపోయిన ఇళ్ళలో మాడిన చెక్క పలకల జాడలు దొరికాయి. దాంతో గుంట మీద పలకలు పరిచి, ఆ చెక్క నేల మీద నివసించి ఉంటారని స్టాన్లీ వెస్ట్ వాదించారు. గుంటలోని చెత్త ఇల్లు పాడుబడ్డాక వేసినదే కావచ్చు. 1970లలో రెండు వాదాల ప్రకారమూ, దొరికిన పునాదుల మీదే, పాతకాలపు పనిముట్ల తీరులో ఇళ్ళు కట్టి చూశారు. గుంట అడుగునే నేల ఉన్న ఇంట్లో అంచులు రాలిపోయి, నడవడమే కష్టమైంది. పలకలు పరిచిన ఇళ్ళు పొడిగా, వెచ్చగా నిలిచాయి. ఒక జాతిని మురికి మనుషులుగా చూపిన అభిప్రాయాన్ని ఈ ఇళ్ళు కదిలించాయి.

అలా తిరిగి కట్టిన వాటిలో నేత ఇంట్లోకి అడుగుపెడితే కళ్ళు చీకటికి అలవాటుపడడానికి కాస్త సమయం పడుతుంది. పొగ వాసన, పైన గడ్డి కప్పు, రెండు కొసల్లో నిట్రాళ్ళు. గోడకు చేరవేసిన నిలువు మగ్గం మీద పడుగు దారాలు కిందికి వేలాడుతుంటాయి. అవి బిగువుగా ఉండటానికి చివర్లలో మట్టి బిళ్ళలు కట్టారు. గుంట మగ్గం ముందు పెరిగిన తెలుగువాళ్ళకు ఇది తలకిందులైన మగ్గంలా కనిపిస్తుంది. ఇక్కడ నేతగత్తె నిలబడి, పేకను పైకి కొట్టి నేస్తుంది. ఇక్కడి మ్యూజియంలో దువ్వెనల దగ్గర కూడా ఆగండి. జింక కొమ్మును పలచని ముక్కలుగా కోసి, వరసగా పేర్చి, రెండు వైపులా పట్టీలు పెట్టి మేకులతో బిగించి, ఆఖరున పళ్ళు కోసేవారు. పళ్ళు కోసిన రంపం గాట్లు పట్టీ అంచున కూడా పడ్డాయి. పదిహేను వందల ఏళ్ళ కిందటి చేతి కదలిక ఆ గాట్లలో కనిపిస్తుంది.

2005లో ఇలా తిరిగి కట్టిన ఇళ్ళలో ఒకటి కాలిపోయింది. ఆ బూడిదను ఎత్తిపోయకుండా, ప్రాచీన శిథిలంలాగే పురావస్తు నిపుణులు పద్ధతిగా తవ్వారు. ఎలా కట్టారో తెలిసిన ఇల్లు కాలితే నేలలో ఏ గుర్తులు మిగులుతాయో నమోదు చేశారు. నష్టాన్ని కూడా పాఠంగా మార్చుకున్న ఆ ఓపికంటే నాకు గౌరవం.

పల్లె చుట్టూ ఉన్న కంట్రీ పార్కు 125 ఎకరాలు. 1887 నుంచి 1962 దాకా మా పట్టణపు మురుగునీరంతా ఈ నేలకే చేరేది. ఆనాటి పంపు హౌస్ ఇంకా ఉంది. ఇప్పుడు పక్షులు వాలే చెరువు ఒకప్పుడు కంకర తవ్విన గొయ్యి. పట్టణం వాడి వదిలేసిన నేల ఇలా మళ్ళీ జనానికి దక్కింది.

ఇంగ్లండ్‌లో పెరిగే మన పిల్లలకు ప్రాథమిక పాఠశాలలోనే ఆంగ్లో-సాక్సన్ల పాఠం ఉంటుంది. పుస్తకంలో రాజుల పేర్లు చదివిన పిల్లల్ని ఒక సెలవు రోజున ఇక్కడికి తీసుకురండి. గుంట ఇంట్లో ఒకసారి, పలకల ఇంట్లో ఒకసారి నిలబెట్టి, ఆనాటి జనం ఎందులో కాపురముండి ఉంటారని అడగండి. సాక్ష్యం చూసి ఆలోచించడం వాళ్ళకు అక్కడే మొదలవుతుంది.