కార్తీక స్నానం, సోబా గంజి

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసి పంపమని మన సంఘ కార్యదర్శి గారు ఫోను చేశారు. "కోటలూ శాసనాలూ నాకేం తెలుసునండీ, ముప్పై మూడేళ్ళు పౌర సరఫరాల శాఖలో బియ్యం బస్తాలు లెక్క రాసినవాణ్ణి" అన్నాను. "అయితే బియ్యం సంగతే రాయండి" అన్నారాయన. ఆ మాట పట్టుకుని రాస్తున్నాను. కాకపోతే నా కథ మొదలయ్యేది మన శ్రీకాకుళంలో కాదు, జపానులో ఒక పల్లెటూరి వేడినీళ్ళ స్నానశాలలో.

మా అల్లుడు నగానో ప్రాంతంలో ఇనా లోయ అనే చోట ఉద్యోగం చేస్తున్నాడు. రెండు పెద్ద కొండల వరసల మధ్య తెన్‌ర్యూ అనే నది పారే లోయ అది. కిందటేడు కార్తీక మాసం నేనూ మా ఆవిడా అక్కడే గడిపాం. కార్తీక సోమవారం నదీ స్నానం ఎలాగ అని ఆవిడ బెంగ. "అత్తయ్య గారూ, ఈ చలిలో ఇక్కడి నదిలో దిగితే మనిషి మిగలడు. వేడినీళ్ళ బుగ్గకి తీసుకెళ్తాను, అది కూడా భూదేవి ఇచ్చిన నీళ్ళే కదా" అని అల్లుడు సర్దిచెప్పి మమ్మల్ని తకతో అనే ఊరికి తీసుకెళ్ళాడు. ఒకప్పుడు కోటా, ప్రభువూ ఉన్న ఊరు. 2006లో ఇనా నగరంలో కలిసిపోయింది.

మనవైపు వాళ్ళు బరంపురం దగ్గరి తప్తపాణి చూసే ఉంటారు. జపానులో అలాంటి బుగ్గలు దేశమంతటా ఉన్నాయి. వాటిని 'ఒన్సెన్' అంటారు. 1948లో చట్టం కూడా చేశారు. నేలలోంచి వచ్చే నీరు 25 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గకుండా ఉండాలి, లేదా చట్టంలో చెప్పిన 19 పదార్థాలలో ఒకటైనా తగు పాళ్ళలో ఉండాలి. అప్పుడే దానికి ఆ పేరు. పూర్వం రైతులు కోతలయ్యాక బియ్యం, ఉప్పూపప్పూ మూట కట్టుకుని బుగ్గల దగ్గరికి వెళ్ళి, వారం పది రోజులు వండుకు తింటూ, స్నానాలు చేస్తూ ఒళ్ళునొప్పులు తీర్చుకునేవారట. మన ఊళ్ళవాళ్ళు తీర్థానికి బళ్ళు కట్టుకు పోయినట్టే.

ఊరూరా స్నానశాలలు లేవడానికి మరో కారణం ఉంది. 1988-89లో తకెషితా ప్రధానిగా ఉండగా దాదాపు ప్రతి పట్టణానికీ, ప్రతి గ్రామానికీ పది కోట్ల యెన్ల చొప్పున ఇచ్చి, మీ ఊరికి ఏం కావాలో మీరే చేసుకోండి అన్నారు. చాలా ఊళ్ళవాళ్ళు ఆ డబ్బుతో లోతుగా బోర్లు వేసి వేడినీళ్ళు తీశారు. స్నానశాల కట్టి, పక్కనే భోజనశాల పెట్టి, ఊరి పంట ఊరివాళ్ళ చేత వండించి వడ్డించడం మొదలుపెట్టారు.

స్నానం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆడవారికీ మగవారికీ గదులు వేరు. లోపల గుడ్డ అనేది ఉండకూడదు. డెబ్బయ్యో పడిలో ఈ పరీక్ష ఏమిటిరా అనుకున్నాను గాని, నన్ను చూసేవాడెవడూ లేడు. అందరూ నాలాంటి ముసలివాళ్ళే. చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళు రుద్దుకుని, సబ్బు పూర్తిగా పోగొట్టుకున్నాకే తొట్టిలో దిగాలి. తొట్టిలో నీళ్ళు అందరివీ కనుక. రక్తపోటు ఉన్నవాళ్ళు ఎక్కువసేపు ఉండకూడదు. నేను ఐదు నిమిషాలకోసారి లేచి గట్టున కూర్చున్నాను. మా ఆవిడ మనవరాలి చెయ్యి పట్టుకుని అటు వెళ్ళింది. బయటికొచ్చాక "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అనడిగితే, "తేలిగ్గా ఉన్నాయి, ఈ సంగతి ఎవరికీ చెప్పకండి" అంది. ఇప్పుడు చెప్పేశాను.

భోజనశాలలో ఒక మూల అద్దాల గది. అందులో తలకి గుడ్డ కట్టుకున్న పెద్దాయన సోబా చేస్తున్నాడు. సోబా అంటే సేమ్యాకన్నా లావుగా, పొడుగ్గా, బూడిద రంగులో ఉండే తిండి. ఆ పేరుగల గింజ పిండితోనే చేస్తారు. ఉత్తరాదివాళ్ళు నవరాత్రి ఉపవాసాల్లో తినే కుట్టు పిండి ఉందే, అదే ఇది. ధాన్యమని పిలుస్తాం గాని గడ్డిజాతి కాదు, మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క. చలి కొండల మీద, వరి పండని పేలవమైన నేలలో, విత్తిన రెండున్నర నెలలకే కోతకొస్తుంది. అందుకే 722లో వర్షాభావం వచ్చినప్పుడు గెన్షో మహారాణి సోబా, గోధుమల వంటివి విత్తండని ప్రజలకు ఆజ్ఞ ఇచ్చింది. ఆ ఆజ్ఞ వారి రాచరిక చరిత్ర గ్రంథంలో ఉంది.

మొదట్లో దీన్ని మరిగే నీళ్ళలో పిండి పోసి గెలికి ముద్దగా తినేవారు. మన రాయలసీమ సంకటి లాగే. కత్తితో సన్నగా తరిగే పద్ధతి గురించి మనకు దొరికే తొలి రాత 1574 నాటిది. ఇదే నగానో ప్రాంతంలో, కిసో లోయలోని జోషోజి అనే బౌద్ధాలయం మరమ్మతులు పూర్తయినప్పుడు అక్కడివారికి ఈ తరిగిన సోబా పెట్టినట్టు ఆలయ కాగితాల్లో రాసి ఉంది. నాకు ముచ్చటేసింది. ఎవరో గుమస్తా పద్దు రాయబట్టే కదా ఈ సంగతి నిలిచింది!

అద్దంలోంచి నేను కన్నార్పకుండా చూశాను. ఎర్రటి లక్క పళ్ళెంలో పిండి పోసి, నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ రెండు చేతుల వేళ్ళతో కలిపాడు. పిండి పలుకు పలుకుగా మారి, ఆ పలుకులు ముద్దయ్యాయి. సోబా పిండికి గోధుమ పిండిలాంటి జిగురు లేదు, నీరు కాస్త ఎక్కువైనా తక్కువైనా విరిగిపోతుంది. అందుకే చాలాచోట్ల ఎనిమిది పాళ్ళ సోబాకి రెండు పాళ్ళ గోధుమ పిండి కలుపుతారు. ముద్దని పొడుగాటి కర్రతో పల్చగా వత్తి, దుప్పటి మడతపెట్టినట్టు మడిచి, వెడల్పాటి కత్తితో టకటకా తరిగాడు. మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ఉంచి, తీసి, చన్నీళ్ళలో కడిగి వెదురు తట్టలో పెట్టాడు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. సోబాని ముంచుకు తినే పులుసులో ఎండుచేప తురుము కాచిన నీళ్ళుంటాయి. కార్తీకంలో మేం నీచు ముట్టం. అల్లుడు ఆ మాట చెప్పగానే పెద్దాయన నవ్వి, లోపలికెళ్ళి కారపు ముల్లంగి తురిమి పిండిన రసం, అందులో కలుపుకోవడానికి కాల్చిన సోయా ముద్ద, ఉల్లికాడ ముక్కలు తెచ్చిపెట్టాడు. "మా ఊరి పాత పద్ధతి ఇదే" అన్నాడట. ముల్లంగి ఘాటు ముక్కుకెక్కి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది గాని, గిన్నె వదల్లేదు.

ఆ ముల్లంగి రసం వెనక ఒక చరిత్ర ఉంది. హోషినా మసయుకి అనే ఆయన రెండో తొకుగావా షోగన్ కొడుకు. ఈ తకతోలో పెరిగి, 1631లో ఇక్కడ ప్రభువయ్యాడు. 1643లో ఆయన్ని ఈశాన్యాన ఉన్న ఐజు సంస్థానానికి మార్చారు. మనకి బదిలీ అయినట్టే! ఆయనతో పాటు ఈ ఊరి సోబా కూడా అక్కడికి వెళ్ళింది. ఐజువాళ్ళు దానికి 'తకతో సోబా' అని పేరు పెట్టుకున్నారు. తకతోలో మాత్రం ఆ పేరు లేదు, ఇంట్లో తిండికి ఊరి పేరెవరు పెడతారు? మూడున్నర శతాబ్దాల తరవాత, 1990ల చివర్లో, ఐజులో తమ ఊరి పేరు ఇంకా బతికుందని తెలిసి తకతోవాళ్ళు ఆ పేరుని తిరిగి ఇంటికి తెచ్చుకున్నారు.

తినడం అయ్యాక పెద్దాయన కొమ్ముచెంబు లాంటి పాత్రలో తెల్లటి వేడినీళ్ళు తెచ్చాడు. సోబా ఉడికించిన నీళ్ళు. మిగిలిన ముల్లంగి రసంలో పోసుకుని తాగాలి. మా ఆవిడ ఒక గుక్క తాగి, "ఇది గంజి కదండీ!" అంది.

అవును, గంజే. సోబాలోని సత్తువలో కొంత ఆ నీళ్ళలోకి దిగుతుంది కనుక వాళ్ళు దాన్ని పారబోయరు. ఇక్కడే నా బియ్యం లెక్క గుర్తుకొచ్చింది. టోక్యో పాత పేరు ఎడో. ఆ రోజుల్లో ఎడోలో ఉన్నవాళ్ళు తెల్లగా దంపిన బియ్యమే గొప్ప అనుకుని, కూరా నారా తక్కువ చేసి అన్నమే తినేవారు. పల్లెల నుంచి కొలువుకి వచ్చిన సైనికులకు కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె ఆగేది. ఊరికి తిరిగి పోతే తగ్గేది. అందుకే దానికి 'ఎడో జబ్బు' అని పేరు. అదే బెరిబెరి. 1866లో పద్నాలుగో షోగన్ ఇయెమొచి ఇరవై యేళ్ళకే దానితో పోయాడు. సోబా తినేవారికి ఆ జబ్బు రాదని ఎడోలో చెప్పుకునేవారు. 1860 నాటికి ఆ నగరంలో 3,763 సోబా దుకాణాలున్నాయి.

నౌకాదళ వైద్యుడు తకకి కనెహిరో దీన్ని లెక్కలతో పట్టుకున్నాడు. 1883లో ర్యూజో అనే ఓడ దూరప్రయాణం చేసి వస్తే 376 మందిలో 169 మందికి బెరిబెరి, 25 మంది మృతి. మరుసటేడు అదే దారిన త్సుకుబా అనే ఓడలో తిండి మార్చి పంపాడు. 14 మందికే వచ్చింది, ఒక్కరూ చనిపోలేదు. సైన్యంవాళ్ళు మాత్రం తెల్లన్నమే సిపాయికి మర్యాద అన్నారు. 1904-05లో రష్యాతో జరిగిన యుద్ధంలో సుమారు 27 వేలమంది సైనికులు ఈ జబ్బుతో పోయారు. 1910లో సుజుకి ఉమెతారో తవుడులోంచి దీనికి మందు తీశాడు. మనం పశువులకి వేసే తవుడు! నేడు బి-1 విటమిను అంటున్నది అదే.

ఇది వాళ్ళ కథ మాత్రమే కాదు. మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్‌సన్ బెరిబెరి మీద రాసిన పుస్తకం 1835లో మద్రాసులో అచ్చయింది. ఆయన ఆ జబ్బుని చూసింది మన ఉత్తర సర్కారుల్లోనే. తరవాత కూనూరు పరిశోధనశాలవాళ్ళు మన తీరంలో ఈ జబ్బుకి మరపట్టిన పచ్చిబియ్యమే కారణమన్నారు. ఉప్పుడు బియ్యం తినేచోట అది లేదు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. మా మామ్మ తన అన్నగారు కాళ్ళు వాచి, పాతికేళ్ళకే పోయాడని చెప్పేది. మిల్లు బియ్యం కొనగలిగిన ఇల్లు వాళ్ళది. చోళ్ళు తిన్న పాలేరు ఎనభై యేళ్ళు బతికాడని కూడా చెప్పేది. ఆ రెండు మాటలకీ సంబంధం ఉందని నేను ఎన్నడూ అనుకోలేదు.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం, అందులో పనిచేశానని నాకు గర్వమే. కాని నేను తెల్లబియ్యం బస్తాలు లెక్కపెడుతున్న ఆ యేళ్ళలోనే మా ఊళ్ళో చోడి చేలు తగ్గిపోయాయి, తరవాణి కుండలు అటకెక్కాయి. చోడి అంబలి తాగుతామని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డ మొదటి తరం మాది.

వెళ్ళేముందు పెద్దాయన మాతో కూర్చున్నాడు. ఆయనా నాలాగే రిటైరైన ఉద్యోగి. చిన్నప్పుడు తమ కొండపల్లెలో బియ్యపన్నం పండగనాడేననీ, సోబా అంటే బియ్యం లేని ఇంటి తిండి అని బళ్ళో దాచుకునేవాడిననీ చెప్పాడు. "మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నారా?" అనడిగాను. అల్లుడు ఆ ప్రశ్న చెప్పాక ఆయన కాసేపు ఊరుకున్నాడు. "మా అమ్మ చాలా బాగా చేసేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అడగడానికి తీరిక లేకపోయింది. రిటైరయ్యేసరికి ఆవిడ లేదు. పక్కింటి ముసలమ్మల దగ్గర నేర్చుకున్నాను" అన్నాడు.

నేను కారులో ఇంటిదాకా మాట్లాడలేదు. మా అమ్మ తరవాణి ఎలా వేసేదో నాకూ తెలియదు. అటక మీది కుండ గుర్తుంది, ఉదయం చద్దన్నంలో పోసిన ఆ పులుపు గుర్తుంది, చేసే పద్ధతి ఎన్నడూ అడగలేదు.

అయితే నాకొక అదృష్టం మిగిలి ఉంది. మా అక్కయ్యకి ఎనభై రెండేళ్ళు, నరసన్నపేటలో ఉంది. తిరిగి వచ్చిన వారానికే నోట్‌బుక్కు పట్టుకు వెళ్ళాను. కడుగునీళ్ళు ఎన్ని, గంజి ఎంత, రోజూ ఏం చేర్చాలి, కుండకి నీచు తగలకుండా ఎలా చూసుకోవాలి, అన్నీ ఆవిడ చెబుతుంటే పూర్వం స్టాకు రిజిస్టరు రాసినట్టు రాసుకున్నాను. "నీకెందుకురా ఇదంతా?" అని నవ్వింది గాని, చివరికి ఎర్ర సిరాతో గీత గీయించి "ఇది మాత్రం మరవకు" అంది.

మొదటి కుండ కంపు కొట్టి పారబోశాం. రెండోది పులవలేదు. మూడో కుండ కుదిరింది. జపానులో ఉన్న మనవరాలికి ఫోనులో చూపిస్తే, "తాతయ్యా, అది సోబా నీళ్ళా?" అంది. "కాదమ్మా, మన నీళ్ళే" అన్నాను.