మల్కాపురం శాసనం: అన్నం ఎవరికి, భూమి ఎవరికి?

అమరావతి రాజధాని ప్రాంతంలో మందడం, వెలగపూడి గ్రామాలను ఆనుకుని మల్కాపురం ఉంది. అక్కడి రాతిస్తంభం మీద 1261 నాటి కాకతీయ శాసనం చెక్కి ఉంది. తండ్రి గణపతిదేవుడి మాట ప్రకారం రుద్రమదేవి ఈ రెండు గ్రామాలనూ శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి దానం చేసింది. రుద్రమ దాతృత్వానికి ఈ శాసనాన్ని సాక్ష్యంగా చూపిస్తుంటారు. ఎవరికి ఏం దక్కిందని అడుగుతూ చదివితే, 13వ శతాబ్దపు ఊరిలోని అంతస్తులు ఇందులో వరుసగా కనిపిస్తాయి.

పై అంతస్తు

అందరికన్నా పైన గోళకీ మఠాధిపతి అయిన శివాచార్యుడు. ఆయన తన పేర అగ్రహారం ఏర్పాటు చేసి 60 ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలకు భూములిచ్చాడు. వేదాలు, తర్కం, సాహిత్యం, ఆగమాలు బోధించే వారికి, వైద్యుడికి, లెక్కలు రాసే కాయస్థుడికి కూడా జీవనాధారం కల్పించాడు. వీరి రోజు పూజ, పాఠం, పద్దుల మధ్య గడిచేది.

మధ్య అంతస్తు

గుడిలో ఆడేవారు, పాడేవారు, వాద్యకారులు, ఊరి కాపలాకు వీరభద్రులు, కంసాలి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి. వీరి పనికి ప్రతిఫలం భూమిలో వాటా. దాన్నే 'వృత్తి' అనేవారు. పని తరతరాలకూ కొనసాగితేనే వాటా నిలిచేది. అంటే ఆ భూమి బతుకుతెరువే కాదు, మనిషిని కులవృత్తికి కట్టేసే తాడు కూడా.

కింది అంతస్తు

శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం ఉన్నాయి. బ్రాహ్మణుల నుంచి చండాలుర వరకు వచ్చినవారందరికీ సత్రంలో అన్నం పెట్టాలన్నది నియమం. ఆ కాలానికి ఇది చిన్న విషయం కాదు. అయితే అన్నం దగ్గర వినిపించిన 'చండాల' అనే మాట, భూమి పంచిన చోట వినిపించదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'చండాల' ధర్మశాస్త్రాలు వేసిన అవమానకరమైన ముద్ర. దాన్ని నేటి మాల, మాదిగ కులాలకు నేరుగా అతికించి చదవడం సరికాదు. కానీ అట్టడుగున ఉన్నవారిని దానం తీసుకునే చేతులుగా మాత్రమే శాసనకర్త చూశాడన్నది స్పష్టం. ఆ పొలాలు దున్నిందెవరు, కాలువలు తవ్విందెవరు, చచ్చిన పశువును మోసి తోలు తీసిందెవరు? దాతల పేర్లు రాతికెక్కాయి, ఈ పేర్లు ఎక్కలేదు. శాసనాలు చెక్కించగలిగింది ఆస్తి ఉన్నవారే కాబట్టి, వాటి మౌనాన్ని కూడా ఆధారంగా చదవాలి.

అవే ఊళ్లు, మరో పంపకం

2015లో రాజధాని కోసం ఇవే గ్రామాల్లో భూసమీకరణ జరిగింది. భూమి ఇచ్చిన రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లు, ఏటా కౌలు అన్నారు. ఆ పొలాల్లో కూలి చేసుకుని బతికిన భూమిలేని కుటుంబాలకు నెలకు రూ.2,500 పింఛను అన్నారు. రాజ్యం వేరు, చట్టం వేరు. అంటరానితనాన్ని 17వ అధికరణ, వెట్టిని 23వ అధికరణ నిషేధించిన దేశం ఇది. అయినా పంపకం సూత్రం మాత్రం పాతదే: భూమి ఉన్నవారికి భూమి, లేనివారికి తిండిఖర్చు. మల్కాపురం రాయిని చరిత్ర విద్యార్థులతో పాటు భూమి హక్కుల కార్యకర్తలూ చదవాల్సింది ఇందుకే.