మడతకత్తి ఇరుసు

మడతకత్తియందు అలుగు పిడిలోనికి మడఁగుటకును, తెఱచినపుడు ఊగక నిలుచుటకును ఆధారము ఇరుసు. అలుగు రంధ్రము ఇరుసుకంటె వెండ్రుకవాసి పెద్దదైనను కత్తి వదులగును. ప్రాచీనమైన పద్ధతి, పిడి రేకులగుండ లోహపు చీలను దూర్చి, దాని కొనలను సుత్తితో కొట్టి విప్పార్చుట. ఇట్టి రివెట్టు చౌకయు దృఢమునేగాని, విప్పి శుభ్రపఱచుటకు వీలుకానిది. మరచీల బిగువును సవరించుకొననిచ్చును. అలుగున కిరుప్రక్కల ఫాస్ఫరు కంచు బిళ్లల నుంచినచో రాపిడి తగ్గును. గుండ్ల బేరింగులు తెఱచుటను మిక్కిలి తేలిక చేయును, అయితే ధూళి చొచ్చినచో మొరాయించును. పొలము పనికి బిళ్లలే మేలు.

ఫ్రాన్సులోని సావోయ్ ప్రాంతమున 1890లో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన కత్తి రివెట్టునే నమ్ముకొన్నది. కొయ్యపిడి తడిసి ఉబ్బినపుడు అలుగు బిగుసుకొనుట దాని సహజదోషము. తెఱచిన అలుగును కదలనీయక పట్టియుంచు ఉక్కు వలయము 1955లోగాని దానికి చేరలేదు.